డూప్ లేని వీరుడు: కలియుగ భీముడు కోడి రామమూర్తి నాయుడు

వెండితెర మీద ఒక వీరుడు ఏడంతస్తుల మేడ నుంచి దూకుతాడు. పరుగెత్తే రైలును ఒంటి చేత్తో నిలుపుతాడు. కొండంత బండను బంతివలె విసురుతాడు. చూచే బాలురు కన్నార్పరు. 1980లో నందమూరి తారక రామారావు గారు సూపర్‌మాన్ చిత్రంలో కనిపించినప్పుడు మన తండ్రుల తరం ఆశ్చర్యపడింది. 2024 సంక్రాంతికి హనుమాన్ చిత్రం వచ్చినప్పుడు మన పిల్లల తరం కేరింతలు కొట్టింది. అతిమానుష బలంగల కథానాయకుని మీద మోజు తరాలు మారినా తగ్గేది కాదు.

తెర వెనుక సంగతి పెద్దలకు తెలియనిది కాదు. నడుముకు కట్టిన సన్నని తీగ కథానాయకుణ్ణి గాలిలో నిలబెడుతుంది. ఆ తీగ ఆనవాలును తరువాత కంప్యూటరు చెరిపివేస్తుంది. ప్రాణాపాయం ఉన్నచోట నాయకుని దుస్తులు ధరించి మరొకడు దూకుతాడు. అతనినే సినిమావారు డూప్ అంటారు. దెబ్బ తగిలేది అతనికి, ఈలలు మోగేది నాయకునికి. అందువల్లనే ఏ నటుడైనా డూప్ లేకుండా తానే పోరాట ఘట్టాలలో పాల్గొన్నాడని తెలిస్తే పత్రికలు ప్రత్యేకంగా రాస్తాయి, అభిమానులు గర్విస్తారు. మనం చూస్తున్న సాహసం చేసేది నిజంగా ఆ శరీరమేనా అన్న ప్రశ్న ప్రతి ప్రేక్షకుని మనస్సులోనూ ఉంటుంది.

ఆ ప్రశ్నకు తావులేని కాలం ఒకటి ఉండేది. తీగ లేదు, డూప్ లేదు, తప్పిపోతే మరల తీయడానికి కెమెరా లేదు. డేరాలో వేలాదిమంది చూస్తుండగా ఏనుగును రొమ్ము మీదికి ఎక్కించుకొన్న మనిషి మన ప్రాంతంలోనే పుట్టాడు. ఆయనే కలియుగ భీముడని పేరుపొందిన కోడి రామమూర్తి నాయుడు గారు. తెలుగు గడ్డ మీద పుట్టి, దేశదేశాలు తిరిగి, చివరకు ఒడియా గడ్డ మీద కన్నుమూసిన ఈ మహాబలుని జీవితం రెండు భాషల నడుమ బ్రతికే మన సరిహద్దు కుటుంబాలవారు ప్రత్యేకంగా తెలుసుకోదగినది.

వీరఘట్టం నుంచి విజయనగరానికి

రామమూర్తి నాయుడు గారు 1880ల తొలి సంవత్సరాలలో వీరఘట్టంలో జన్మించారు. చాలాకాలం శ్రీకాకుళం జిల్లాలో ఉన్న ఈ ఊరు 2022 ఏప్రిల్‌లో జరిగిన పునర్విభజనతో పార్వతీపురం మన్యం జిల్లాలో చేరింది. ఆయన పుట్టిన నాటికి శ్రీకాకుళం జిల్లా అనేదే లేదు. అది 1950లో ఏర్పడినది. గంజాం, విశాఖపట్టణం జిల్లాలు రెండూ అప్పుడు మద్రాసు ప్రభుత్వం కిందనే ఉండేవి. ఇచ్ఛాపురానికీ బరంపురానికీ నడుమ రాష్ట్రాల సరిహద్దు లేదు, గిరిసోల దగ్గర బండి ఆపవలసిన గేటూ లేదు. తెలుగువారూ ఒడియావారూ ఒకే సంతలో బేరమాడేవారు, ఒకే కచేరీకి అర్జీలు పెట్టుకొనేవారు.

తండ్రి వెంకన్న నాయుడు. తల్లి రామమూర్తి చిన్నతనంలోనే గతించారు. తల్లిలేని పిల్లవాడు చదువు మీద కంటె ఆటపాటల మీద, సాముగరిడీల మీద ఎక్కువ మనస్సు పెట్టాడు. ఊరి చెరువు గట్టున వేకువజామున కసరత్తు చేసేవాడనీ, అక్కడ ఒక సాధువు కనిపించి యోగవిద్యను ఉపదేశించాడనీ ఆ ప్రాంతంలో ఒక కథ వ్యాప్తిలో ఉన్నది. ఆ కథను నమ్మేవారు ఉపదేశాన్ని తలచుకొంటారు గాని, కథలోనే ఉన్న మరొక మాటను అంతగా పట్టించుకోరు. సాధువు వచ్చేసరికి ఆ బాలుడు చీకటితో లేచి కసరత్తు చేస్తూనే ఉన్నాడు.

తండ్రి ఆలోచించి కుమారుణ్ణి విజయనగరానికి పంపించారు. అక్కడ పినతండ్రి నారాయణస్వామి గారు పోలీసు శాఖలో ఉద్యోగి. విజయనగరం ఆనాడు సంగీత సాహిత్యాలకు ఎంత పేరుపొందినదో, మల్లవిద్యకూ సాముకూ అంత పేరుపొందినది. తాలింఖానాలలో యువకులు దండీలు, బస్కీలు తీసేవారు, గదలు తిప్పేవారు, కుస్తీలు పట్టేవారు. చదువులో వెనుకబడిన బాలునికి తనకు తగిన బడి ఆ మట్టిగోదాలో దొరికింది. బలవంతుని చూచి ఊరివారు ముచ్చటపడటం వేరు, ఆ బలానికి ఒక క్రమం నేర్పే చోటు దొరకడం వేరు. రామమూర్తికి విజయనగరం ఆ రెండవ భాగ్యాన్ని కలిగించింది.

ఉపాధ్యాయుడైన మల్లుడు

ఈ జీవితంలో ఎక్కువమంది గమనించని ఘట్టం ఒకటి ఉన్నది. రామమూర్తి గారు మద్రాసు వెళ్ళి సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొందారు. ఉపాధ్యాయులను తయారుచేసే కేంద్రంగా సైదాపేట ఆనాటి మద్రాసు రాష్ట్రమంతటా ప్రసిద్ధం. శిక్షణ ముగించుకొని విజయనగరం తిరిగి వచ్చి, తాను చదివిన పాఠశాలలోనే వ్యాయామోపాధ్యాయునిగా చేరారు. ఆ రోజులలో ఆ పదవిని డ్రిల్లు మాస్టరు అనేవారు.

ఉపాధ్యాయ శిక్షణ అంటే ఏమిటో ఆ దారిలో నడిచినవారికి తెలుస్తుంది. తనకు వచ్చిన దానిని ఇతరులకు చెప్పాలంటే ముందు దానిని ముక్కలుగా విడదీసుకోవాలి. ఏది ముందు, ఏది వెనుక, ఎంత మోతాదు, ఎప్పుడు విశ్రాంతి అని నిర్ణయించుకోవాలి. పుట్టుకతో వచ్చిన బలానికి లెక్క ఉండదు. నేర్చుకొన్న బలానికి లెక్క ఉంటుంది. ఇరవై ఒక్క సంవత్సరాల ప్రాయంలో టన్నున్నర బరువును రొమ్ము మీద మోసిన రామమూర్తి, తరువాత మూడు టన్నుల వరకు వెళ్ళారని ఆయన జీవితకథలు చెబుతాయి. మూడు టన్నులంటే 75 కిలోల ధాన్యపు బస్తాలు నలభై. ఒక్కొక్క మెట్టే ఎక్కినవానికి తప్ప ఇటువంటి బరువు సాధ్యం కాదు.

ఆయన శాకాహారి. బలానికి మాంసమే మూలమని నమ్మే కాలంలో ఇది పలువురిని ఆశ్చర్యపరచింది. ప్రాణాయామాన్ని, ధ్యానాన్ని తన సాధనలో ప్రధానంగా చెప్పుకొనేవారు. యూరపులో అప్పటికే యూజెన్ శాండో అనే ప్రష్యా దేశస్థుడు శరీర వ్యాయామాన్ని ఒక ప్రదర్శన కళగా మలచి లోకప్రసిద్ధుడై ఉన్నాడు. అతడు 1904, 1905 సంవత్సరాలలో భారతదేశం కూడా వచ్చి వెళ్ళాడు. మన ఇళ్ళలో పురుషులు తొడుక్కొనే చేతులు లేని బనియనుకు శాండో బనియను అని పేరు రావడానికి ఆయనే కారణం. రామమూర్తి గారిని ఇండియన్ శాండో అని పిలిచినవారు ఉన్నారు. ఆయన మాత్రం మన తాలింఖానాలలోని దండీలకు, బస్కీలకు, శ్వాస సాధనకు ఆ శాండో పద్ధతులకు తీసిపోని విలువ ఉన్నదని తన శరీరంతో నిరూపించారు.

డేరా కింద ప్రపంచం

బడి ఉద్యోగం రామమూర్తి గారిని ఎక్కువకాలం పట్టి ఉంచలేదు. విజయనగరంలో పొట్టి పంతులు అనే మిత్రుని సహకారంతో ఆయన సర్కసు సంస్థను నెలకొల్పారు. భారతీయుల సర్కసు అప్పటికి కొత్త కళ. 1879లో ఇటలీ దేశస్థుడు చియారినీ తన సర్కసుతో బొంబాయి వచ్చాడు. దానిని చూచి మహారాష్ట్రకు చెందిన విష్ణుపంత్ ఛత్రే 1880లో స్వదేశీ సర్కసును ప్రారంభించాడు. కేరళలోని తలశ్శేరిలో కీలేరి కుంజిక్కణ్ణన్ సర్కసు విద్యను నేర్పాడు. ఆ వరుసలో తెలుగునాట లేచిన డేరా రామమూర్తి గారిది.

ఆ డేరాలో గుర్రాలు, ఏనుగులు, విదూషకులు ఉన్నా జనం ఎదురుచూచేది చివరి ఘట్టం కోసమే. ఒంటికి బిగించిన ఇనుప గొలుసును ఊపిరి బిగించి తెంపడం, రెండు భుజాలకు గొలుసులతో కట్టిన రెండు మోటారు కార్లను ఎదురెదురు దిశలలో నడవనీయకుండా నిలపడం, వెల్లకిల పడుకొని రొమ్ము మీద ఏనుగును నిలుపుకోవడం ఆయనకు పేరు తెచ్చిన మూడు ప్రదర్శనలు. మోటారు కారును చూడటానికే జనం గుమిగూడే రోజులలో, దానిని మనిషి ఆపడం ఎంతటి వింతయో ఊహించుకోవలసినదే.

కలకత్తాలో ఈ సర్కసు ఆడినప్పుడు భవేంద్రమోహన్ సాహా అనే వంగ యువకుడు రామమూర్తి గారి బలాన్ని చూచి ముగ్ధుడై, ఇల్లు విడిచి ఆయన బృందంలో చేరాడు. గురువుగారి వెంట రంగూను, సింగపూరు, జావా తిరిగి, తరువాత భీమ భవాని అనే పేరుతో తానే ప్రసిద్ధ మల్లుడైనాడు. ఒక తెలుగు డ్రిల్లు మాస్టరు శిష్యుడు వంగదేశపు భీముడు కావడం మనకు గర్వకారణం. ఆ శిష్యుడు 1922లో, ముప్పదిరెండు సంవత్సరాల వయస్సు దాటీదాటకుండానే మరణించాడు. బలానికీ ఆయుర్దాయానికీ చుట్టరికం లేదని చెప్పడానికి ఇంతకంటె నిదర్శనం అక్కర లేదు.

ఆ బలం ఎలా పనిచేసేది

రామమూర్తి గారి ప్రదర్శనలను మంత్రశక్తి అని కొందరు, కనికట్టు అని కొందరు అనుకొనేవారు. రెండూ సరికావు. ఏనుగు ప్రదర్శననే తీసుకొందాం. వెల్లకిల పడుకొన్న మనిషి రొమ్ము మీద ఒక దళసరి బల్ల పరుస్తారు. ఏనుగు అడుగు నేరుగా ఒక్క పక్కటెముక మీద పడితే అది పుల్లలా విరుగుతుంది. బల్ల ఆ బరువును రొమ్ము అంతటికీ పంచుతుంది. బల్ల కొసలు ఆనిన చోట కొంత బరువు నేలకు కూడా పోతుంది. మిగిలినది శరీరం మోయాలి. అందుకు ఊపిరితిత్తుల నిండా గాలి నింపి, గొంతు మూసి, కడుపు కండరాలను బిగించాలి. అప్పుడు రొమ్ము గాలి నింపిన లారీ టైరువలె గట్టిపడుతుంది. గాలి లేని టైరు మీద బండి నిలవదు, గాలి నిండిన టైరు టన్నుల బరువును మోస్తుంది. సూత్రం ఇంతే.

సూత్రం ఇంతే గాని పని అంత సులువు కాదు. ఊపిరి బిగించిన క్షణాలలో రక్తపు పోటు విపరీతంగా పెరుగుతుంది. గుండెకు తిరిగి వచ్చే రక్తం తగ్గుతుంది. సాధన లేనివానికి కళ్ళు తిరుగుతాయి. కళ్ళు తిరిగితే ఊపిరి వదలుతుంది. ఊపిరి వదిలితే టైరు దిగిపోతుంది, పైన ఏనుగు ఉంటుంది. రామమూర్తి గారి ప్రాణాయామం ఆ కొద్ది నిమిషాల కోసం ఎన్నో సంవత్సరాలు చేసినది.

గొలుసు సంగతీ అంతే. ఊపిరి వదలిన స్థితిలో ఒంటికి బిగువుగా గొలుసు చుట్టి, ఆపైన రొమ్మును పూరిస్తే చుట్టుకొలత పెరుగుతుంది. వెన్ను, భుజాల కండరాలు తోడై నెట్టినప్పుడు గొలుసులో అన్నిటికంటె బలహీనమైన కడియం విడిపోతుంది. కార్ల ప్రదర్శనలో మనిషి రెండు గొలుసుల నడుమ మూడవ గొలుసు అవుతాడు. 1908లో అమెరికాలో వచ్చిన ప్రసిద్ధమైన ఫోర్డు టి రకం కారు ఇంజను శక్తి 20 గుర్రాల శక్తి మాత్రమే. నేటి కార్లతో పోలిస్తే అది తక్కువే. అయినా రెండు కార్లలో ఒకటి ముందుగా లాగితే భుజం కీలు ఊడివస్తుంది. కార్లు నడిపేవారికీ, నిలబడినవానికీ నడుమ క్షణమాత్రం తేడా ఉండరాదు. తెలివి, కొలత, క్రమశిక్షణ కలిసినప్పుడే ఆ బలం ప్రదర్శనగా మారేది. ఇది తెలిస్తే రామమూర్తి గారి మీద గౌరవం తగ్గదు, పెరుగుతుంది.

బిరుదులు, దేశాలు

స్వదేశీ ఉద్యమం దేశమంతటా వ్యాపించిన కాలమది. భారతీయులు బలహీనులు, పాలింపబడటానికే పుట్టినవారు అన్న అవహేళన పాలకుల మాటల్లో తరచు వినిపించేది. అటువంటి వేళ ఒక భారతీయుడు ఏనుగును రొమ్మున మోస్తుంటే చూచిన జనానికి అది వినోదం మాత్రమే కాలేదు. పూనాలో లోకమాన్య తిలక్ ఆయనకు మల్లమార్తాండ బిరుదు ఇచ్చారని చెబుతారు. పండిత మదనమోహన మాలవీయ గారు విదేశాలలో భారతీయుల ప్రతిభను చాటి రమ్మని ప్రోత్సహించినట్లు ఆయన జీవితకథలు పేర్కొంటాయి.

రామమూర్తి గారు బృందంతో సముద్రం దాటారు. లండనులో అయిదవ జార్జి చక్రవర్తి, మేరీ రాణి ఎదుట ప్రదర్శన ఇచ్చి ఇండియన్ హెర్క్యులెస్ అనే బిరుదు పొందారని ప్రసిద్ధి. హెర్క్యులెస్ గ్రీకుల పురాణాలలోని మహాబలుడు, మనకు భీముడెటువంటివాడో వారికి అతడటువంటివాడు. స్పెయిను దేశంలో ఎద్దులతో పోరాడే బరిలోకి దిగి, రంకె వేస్తూ వచ్చిన ఎద్దును కొమ్ములు పట్టి నిలిపివేశారన్న కథ తెలుగునాట ఇప్పటికీ పెద్దలు పిల్లలకు చెబుతారు. మన పొలాల్లో పోట్లగిత్తను లొంగదీసిన రైతుకు ఆ కథలోని సాహసం చప్పున బోధపడుతుంది.

శరీరం చెల్లించిన మూల్యం

విదేశీ పర్యటనలో ఒకచోట ఏనుగు ప్రదర్శన జరుగుతుండగా రొమ్ము మీది బల్ల విరిగి ఎముకలు దెబ్బతిన్నాయనీ, కొంతకాలం ఆస్పత్రిలో ఉండవలసి వచ్చిందనీ ఆయన జీవితకథలలో కనబడుతుంది. కోలుకొని మరల అదే ప్రదర్శన ఇచ్చారు. డేరా నమ్ముకొని ఎన్నో కుటుంబాలు ఉన్నప్పుడు నాయకుడు మంచం మీద ఉండిపోవడానికి వీలు లేదు. సినిమాలో కథానాయకునికి గాయమైతే చిత్రీకరణ ఆగుతుంది, భీమా సొమ్ము వస్తుంది. డేరాలో మల్లునికి గాయమైతే ఆ పూట టిక్కెట్లు తెగవు.

ఆయన సంపాదన ఆనాటి లెక్కల ప్రకారం చాలా పెద్దది. అందులో ఎక్కువ భాగం దానధర్మాలకు, సత్కార్యాలకు పోయింది. దాచుకొన్నది తక్కువ. నడివయస్సు దాటిన తరువాత కాలికి పుండు లేచి ముదిరింది. చివరకు కాలు తీసివేయవలసి వచ్చింది. శస్త్రచికిత్స వేళ మత్తుమందు వద్దని, శ్వాసను బిగించి కదలక పడుకొన్నారని ఆయనను ఎరిగినవారి ద్వారా ఒక కథనం నిలిచింది. ఏనుగును మోసిన రొమ్ము అలాగే ఉన్నది, నిలబడటానికి మాత్రం రెండు కాళ్ళు లేవు. శరీరమే పెట్టుబడిగా జీవించినవానికి ఇది ఆస్తి సగం కాలిపోవడం వంటిది.

ఇటువంటి విషాదం వెండితెర వీరులకూ తప్పలేదు. 1978లో వచ్చిన హాలీవుడ్ సూపర్‌మాన్ చిత్రంలో ఆకాశాన విహరించి లోకమంతటినీ మురిపించిన క్రిస్టఫర్ రీవ్, 1995లో గుర్రపు స్వారీ పోటీలో కింద పడి మెడ వెన్నెముక దెబ్బతిని, మెడ కింది భాగమంతా చచ్చుబడి చక్రాల కుర్చీకి పరిమితమైనాడు. 2004లో మరణించేవరకు వెన్నెముక గాయాల వైద్య పరిశోధన కోసం పాటుపడ్డాడు. తెర మీద అతనికి మరణం లేదు, కుర్చీలో ఉన్నప్పుడు చేసిన పనియే అతని నిజమైన సాహసమని చెప్పేవారు చాలామంది ఉన్నారు. రామమూర్తి గారి విషయంలోనూ కాలు పోయిన తరువాతి నిబ్బరాన్ని గొలుసు తెంచిన బలం పక్కన పెట్టి తూచవలసినదే.

బలాంగీరులో చివరి రోజులు

డేరా ముగిసిన తరువాత ఈ వృద్ధ మల్లునికి నీడనిచ్చినది తెలుగు రాజధాని కాదు. పశ్చిమ ఒడిశాలోని పాట్నా సంస్థానం ఆయనను ఆదరించింది. ఇది బీహారులోని పాట్నా కాదు. బలాంగీరు ముఖ్యపట్టణంగా ఉన్న ఒడియా సంస్థానం. అప్పటి పాలకుడు రాజేంద్ర నారాయణ సింగ్ దేవ్. ఈయనే స్వాతంత్ర్యానంతరం 1967 నుంచి 1971 వరకు ఒడిశా ముఖ్యమంత్రిగా పనిచేశారు. ఆ సంస్థానంలోనే రామమూర్తి నాయుడు గారు 1942 జనవరి 16వ తేదీన, సంక్రాంతి వెళ్ళీవెళ్ళని రోజులలో కన్నుమూశారు.

ఆయన మరణానికి సుమారు ఆరు సంవత్సరాల ముందు, 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడి గంజాంలో చాలా భాగం అందులో చేరింది. ఇచ్ఛాపురం ఇవతల, గిరిసోల అవతల అన్న లెక్క అప్పుడు మొదలైంది. తెలుగువారు ఎందరు, ఒడియావారు ఎందరు అని తగవులాడుకొన్న రోజులవి. ఆ తగవుల నడుమనే ఒక ఒడియా పాలకుడు ఒక తెలుగు మల్లుణ్ణి చివరిదాకా గౌరవించాడు. ఇంట తెలుగు, బడిలో ఒడియా మాట్లాడుతూ పెరిగే మన పిల్లలకు ఈ ఒక్క సంగతి ఎన్నో ఉపన్యాసాల కంటె మేలైనది.

మనకు మిగిలినది

శ్రీకాకుళంలో కోడి రామమూర్తి పేర క్రీడామైదానం ఉన్నది. విశాఖపట్టణం సముద్రతీరంలో ఆయన విగ్రహం ఉన్నది. అంతకంటె సజీవమైన స్మారకాలు ఈ ప్రాంతపు బిడ్డలు. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గరి పల్లెకు చెందిన కరణం మల్లేశ్వరి 2000 సంవత్సరంలో సిడ్నీ ఒలింపిక్సులో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం సాధించారు. ఒలింపిక్సులో పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమె. బరంపురంలో పెరిగిన కాటులు రవికుమార్ 2010లో ఢిల్లీ కామన్వెల్తు క్రీడలలో 69 కిలోల విభాగంలో స్వర్ణం, 2014లో గ్లాస్గోలో 77 కిలోల విభాగంలో రజతం గెలిచారు. సరిహద్దుకు ఇటొకరు, అటొకరు. ఇద్దరూ ఎత్తినది నిజమైన ఇనుము. ఆ బరువును కంప్యూటరు తగ్గించలేదు.

బడి వదలిన తరువాత పిల్లలు తువ్వాలును మెడకు కట్టుకొని గోడ మీది నుంచి, చెట్టు కొమ్మ మీది నుంచి దూకుతుంటారు. వారిని చూచి కసరుకోవడం తల్లిదండ్రులకు అలవాటు. కసరినంత మాత్రాన ఆ కోరిక పోదు. వీరుడు కావాలనుకోవడం తప్పు కాదు. దూకే ముందు చేయవలసినది ఎంత ఉన్నదో తెలియకపోవడమే ప్రమాదం. గంజాం పల్లెలలో పులివేషం కట్టి బాఘనాచ ఆడేవారిని మన పిల్లలు చూస్తూనే ఉన్నారు. డప్పు మోగుతుండగా ఆ మనిషి అంత సేపు ఎగిరి ఆడటానికి వెనుక ఎన్ని నెలల సాధన ఉన్నదో అతని ఇంటివారికి తెలుసు. పిల్లలకు చెప్పవలసినది ఆ వెనుకటి సాధన గురించి.

రామమూర్తి నాయుడు గారి జీవితం నుంచి ఏనుగు ప్రదర్శనను తీసి ఎవరూ ఇంటి ముంగిట ప్రయత్నించరాదు. తీసుకోవలసినవి వేకువజామున లేవడం, రోజుకు కొంచెంగా బరువు పెంచడం, ఊపిరిని అదుపులో ఉంచడం, నేర్చుకొన్నది ఇతరులకు నేర్పడం. ఆయన అన్నిటికంటె ముందు ఒక డ్రిల్లు మాస్టరు. పల్లె బడులలో వ్యాయామ పీరియడు వచ్చినప్పుడు దానిని లెక్కలకో, పరీక్షల పాఠానికో ఇచ్చివేయడం చాలాచోట్ల ఆనవాయితీ అయినది. ఆ పీరియడును పిల్లలకు తిరిగి ఇవ్వండని తల్లిదండ్రులు బడివారిని అడగాలి. ఊరిలో పాడుబడిన తాలింఖానా గాని, ఒడియా వాడలోని ఆఖడా గాని ఉంటే తలుపు తెరిపించాలి. రెండింటి లోపల ఉండే మట్టి ఒకటే.

తెర మీది వీరుడు సినిమా ముగిసేసరికి వెళ్ళిపోతాడు. వీరఘట్టంలో పుట్టి బలాంగీరులో కన్నుమూసిన ఈ వీరుడు నేర్పిన కసరత్తుకు టిక్కెట్టు అక్కరలేదు, తెల్లవారుజామున లేచే అలవాటు ఉంటే చాలు.